గన్నవరం నుంచి కడపకు విమానం: గాల్లో ముప్పావుగంట, ఇంటి నుంచి ఇంటికి ఐదు గంటలు

విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరం నుంచి కడపకు ఎంత దూరం, విమానంలో ఎంతసేపు, మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తగారిని అలా తీసుకెళ్ళొచ్చా అని అడిగారు కదండీ. మాది గుంటూరు, మా అక్క కాపురం కడపలో. తుంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ బస్సెక్కలేకపోతే విమానంలో నేనే తీసుకెళ్ళి దింపొచ్చాను.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య తిన్నగా గీత గీస్తే దాదాపు 310 కిలోమీటర్లు. విజయవాడ నుంచి రోడ్డు మీదైతే 350 దాటుతుంది. ఆ గీత ఎటుపోతుందా అని మ్యాపులో చూస్తే గుంటూరు పక్కనుంచే ఉంది! అక్కణ్ణుంచి అద్దంకి, కనిగిరి వైపుగా వెలికొండలు దాటి, బద్వేలు మీదుగా కడప. అంటే మేం యాభై కిలోమీటర్లు వెనక్కి గన్నవరం వెళ్ళి, మళ్ళీ ఇంచుమించు మా ఊరి మీదుగానే ఎగరాలి. విజయవాడ వాళ్ళకు ఈ బాధ లేదు.

మేమెక్కింది ఏటీఆర్. రెక్కలు పైన, ముందు పంకాలు ఉండే చిన్న విమానం. గంటకు 500 కిలోమీటర్ల వేగమంటారు కాబట్టి లెక్క ప్రకారం నలభై నిమిషాల లోపే చేరాలి. కానీ పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ వేగం ఉండదు. రన్‌వే దాకా విమానం నేలమీద నడిచే సమయం కూడా కలుపుతారు. అందుకే టికెట్ మీద గంటకు కాస్త అటూ ఇటూగా కనిపిస్తుంది. మేం గాల్లో ఉన్నది ముప్పావుగంట.

అసలు సమయం పోయేది నేలమీదే. ఉదయం పావుతక్కువ ఆరుకి ఇంట్లో బయల్దేరాం. వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు దాటి ఏడింటికి గన్నవరం చేరాం. బయల్దేరే టైముకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు, ట్రాఫిక్‌ని నమ్ముకోకండి. మేం వెళ్ళింది జనవరిలో. పొగమంచు వల్ల ఎనిమిదిన్నర విమానం తొమ్మిదింపావుకి కదిలింది. కడపలో ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరే కాబట్టి పదకొండు కొట్టకముందే అక్క ఇంట్లో ఉన్నాం. మొత్తం ఐదు గంటలు. కారులో అయితే ఏడు పట్టేది. మిగిలింది రెండు గంటలే కావొచ్చు, కానీ అమ్మకు ఒక్క కుదుపు తగల్లేదు. నాకు అదే ముఖ్యం. మీ అత్తగారికీ ఇదే మంచిదని నా అభిప్రాయం.

చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ 2017 ఏప్రిల్ 27న మొదలైనప్పుడు తొలి విమానాల్లో కడప–హైదరాబాద్ ఒకటి. ఇలాంటి ఊళ్ళకు విమానం రావడం మా అమ్మలాంటి వాళ్ళకు ఎంత మేలో దగ్గరుండి చూశాను. అయితే మార్చి చివర, అక్టోబరు చివర షెడ్యూళ్ళు మారుతుంటాయి. ఏ రోజుల్లో ఉందో చూసుకున్నాకే అక్కడివాళ్ళకు వస్తున్నామని చెప్పండి.

టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అడగండి. ఏటీఆర్‌కి తలుపు వెనకవైపు ఉంటుంది, పంకాల మోత ముందు వరుసల్లో ఎక్కువ. అందుకే వెనక వరుసలో కిటికీ సీటు తీసుకోండి. నడక తగ్గుతుంది, చెవులకూ హాయి. రెక్క పైనుంటుంది కాబట్టి కిందికి చూడ్డానికి ఏ అడ్డూ ఉండదు. మా అమ్మ కొండలు దాటేదాకా కిటికీ వదల్లేదు.