సెలవుపై వచ్చిన జవానును ఎవరు పట్టుకోవాలి?

ప్రశ్న: సెలవుపై వచ్చిన ఒక జవాను తిరుపతి బస్టాండు దగ్గర ఒకరిని కొట్టారు. స్థానిక పోలీసులు ఆయనను అరెస్టు చేయవచ్చా, మిలిటరీ పోలీసులే రావాలా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: స్థానిక పోలీసులే చేయవచ్చు. విధి నిర్వహణలో చేసిన పనికైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా సైనికుడిని అరెస్టు చేయకూడదు గాని, బస్టాండులో కొట్లాట విధి నిర్వహణ కాదు కదా! చిక్కంతా విచారణ దగ్గరే వస్తుంది. ఇలాంటి కేసు మామూలు కోర్టుకు వెళ్లాలా, కోర్టు మార్షల్‌కు (సైనిక న్యాయస్థానానికి) వెళ్లాలా అన్నది 1950 నాటి సైనిక చట్టం 125వ సెక్షను ప్రకారం సంబంధిత సైనికాధికారి నిర్ణయించవచ్చు. మామూలు కోర్టు అందుకు అంగీకరించకపోతే 126వ సెక్షను కింద కేంద్రం తేలుస్తుంది. పౌరుల హత్య, అత్యాచారం వంటి నేరాలు మాత్రం 70వ సెక్షను వల్ల సాధారణంగా మామూలు కోర్టుకే వెళతాయి. మిలిటరీ పోలీసుల అధికారం సైనిక చట్టానికి లోబడినవారికే పరిమితం. అయినా, సైన్యం నుంచి పారిపోయిన వారిని వారెంటు లేకుండా పట్టుకొనే అధికారం స్థానిక పోలీసులకు ఉంది.