సమాధానం: కెనడాలోని కాల్గరీలో మే నెల ఎండను నమ్మి నాటిన గోంగూర, టమాటా చచ్చిపోయాయి

మే మొదటి వారంలో 22 డిగ్రీలు చూసి నాటానని, మూడో రోజు మంచు కురిసి మొక్కలు పోయాయని మీరు రాశారు. తప్పు విత్తనానిది కాదు, తేదీది. కాల్గరీ సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మబ్బులేని రాత్రి నేల వేడి ఇట్టే పోతుంది. పగటి ఎండ కాదు, రాత్రి కనిష్ఠం చూడండి.

టమాటా నారు ఏప్రిల్ మొదట్లో ఇంట్లోనే పోసుకోండి. మే చివర్లో వారం పదిరోజులు రోజూ కాసేపు బయట పెట్టి అలవాటు చేసి, జూన్ మొదటి వారంలో నాటండి. గోంగూరకు చలి అస్సలు పడదు. రాత్రి 10 డిగ్రీలు దాటేదాకా కుండీలోనే ఉంచి, సాయంత్రం లోపలికి తెచ్చుకోండి. మెంతికూర, పాలకూర మాత్రం మేలోనే చల్లేయొచ్చు.

మంచు సూచన ఉంటే పొద్దు వాలకముందే పాత దుప్పటి నేలదాకా కప్పండి. ప్లాస్టిక్ ఆకుకు తగిలితే, తగిలినచోట మాడుతుంది.

వానలు ఎక్కువగా జూన్‌లోనే. వడగళ్లు జూన్ నుంచి ఆగస్టు దాకా. వల కట్టడం దండగ ఖర్చేమీ కాదు. సెప్టెంబరు మధ్యకల్లా మళ్లీ మంచు, కాబట్టి త్వరగా కాసే టమాటా రకాలే ఎంచుకోండి.

జనవరిలో రాకీ పర్వతాలు దిగివచ్చే చినూక్ గాలికి ఒక్కపూటలో 20 డిగ్రీలు పెరగొచ్చు. వసంతం అనుకోకండి! అది నేలను కప్పిన మంచును కరిగించి వేళ్లను చలికి వదిలేస్తుంది, కొమ్మల తడి లాగేస్తుంది. కొత్త చెట్లకు అక్టోబరులో, నేల గడ్డకట్టకముందే, బాగా నీరు పెట్టి చెట్టు మొదలు చుట్టూ 8–10 సెంటీమీటర్ల మందాన చెక్కపొట్టు పరవండి. కాండానికి మాత్రం ఆనించొద్దు.