పాత డిస్కో పాటలతో కొత్త సంగీతం.. కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. 1970ల నాటి ఇంగ్లిష్ డిస్కో పాటలను నింపాదిగా సాగే ఎలక్ట్రానిక్ సంగీతంగా మారుస్తుంటాడు. యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ అని తీసేశారు. అయినా ఇదే నా దారి అంటున్నాడు. మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, దీన్ని కాలక్షేపమని కొట్టిపారేయకండి. ఆ పాటల్లో చాలావాటికి డ్రమ్స్ మనుషులే వాయించారు. వేగం ఒక్కోచోట వెంట్రుకవాసి మారుతుంది. కంప్యూటర్ బీట్ జత చేస్తే కాసేపటికే రెండూ విడిపోతాయి, ఒక్కో ఆవర్తం (తాళంలో ఒక చుట్టు) పట్టుకుని సరిచేయాలి. నిమిషానికి 120 బీట్ల పాటను 100కి దించితే గొంతు సాగినట్టు వినిపిస్తుంది. అందుకే గొంతును విడదీసి, కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు), బేస్ (అడుగున సాగే మంద్ర స్వరాలు) మళ్లీ వాయించుకోవాలి. ఇంత ఓపికగా చేస్తున్నాడంటే వాడికి చెవి తయారవుతోంది. సినిమాలకు, యాడ్స్‌కు, గేమ్స్‌కు కావాల్సింది ఆ చెవే.

అప్పట్లో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ పాటలను డాన్స్ కోసం పొడిగించి మిక్స్ చేసి పేరు తెచ్చుకున్నారు. అయితే ఆ పని ఆయనకు రికార్డు కంపెనీలే ఇచ్చేవి. మీవాడికి లేనిది ఆ అనుమతి. పాటలో బాణీ హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. 1979లో వచ్చిన ర్యాప్ పాట ‘రాపర్స్ డిలైట్’ కోసం షిక్ అనే డిస్కో బృందం పాట ‘గుడ్ టైమ్స్’ బేస్‌ను స్టూడియోలో మళ్లీ వాయించారు. అయినా ‘గుడ్ టైమ్స్’ రాసిన నైల్ రోడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పేర్లు కొత్త పాటకూ రచయితలుగా చేర్చక తప్పలేదు. అంటే సొంతంగా వాయించుకున్నా బాణీకి అనుమతి కావాల్సిందే.

డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. రాయల్టీ లెక్కలు, కాంట్రాక్టులు అర్థం కావడానికి బీకాం బాగా పనికొస్తుంది. ఇప్పుడే కీబోర్డు నేర్పించండి, ఇది నేను గట్టిగా చెప్పే మాట. డిగ్రీ తర్వాత పుణెలోని సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సుకు అర్హత ఉందేమో చూసుకుని ప్రయత్నించవచ్చు. చెన్నైలో ఏఆర్ రెహమాన్ స్థాపించిన సంగీత విద్యాసంస్థ కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ కూడా ఉంది. ఫీజులు ముందే కనుక్కోండి. మొదట్లో ఆదాయం నెలనెలా రాదు. ఖరీదైన పరికరాలకు అప్పు చేయవద్దు, మంచి హెడ్‌ఫోన్స్ చాలు.

పాత పాటలపై సాధన హార్డ్ డిస్క్‌లోనే ఉండనివ్వండి. డిగ్రీ అయ్యేలోపు అదే శైలిలో పూర్తిగా సొంత బాణీలు నాలుగైదు చేయమనండి. స్టూడియోలకు అవకాశం కోసం వెళ్లినప్పుడు వినిపించాల్సినవి అవే.