అర్థం కాకపోయినా లోబడాల్సిన చోట

బాబూ, వందనాలు.

మీ మందుల కంపెనీలో చేయని పరీక్షను చేసినట్టు రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టమంటున్నారని, పెట్టకపోతే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడుతున్నావు. "దేవుడు నన్నే ఇందులో ఎందుకు పెట్టాడు పెద్దమ్మా?" అని అడిగావు. అది నాకూ తెలియదు. ఆయన ఉద్దేశం మనకు అందదు గానీ, ఆయన ఆజ్ఞ నీకు తెలుసు కదా. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నాడు. ఆ మందు వేసుకునే మనిషి నీ సంతకాన్ని నమ్మే వేసుకుంటాడు. సంతకం పెట్టకు.

లూకా సువార్త అయిదో అధ్యాయం మళ్లీ చదువు, జాలరి పేతురును యేసు మళ్లీ వలలు వేయమన్న చోటు. మన పెదజాలారిపేట జాలర్లలో ఎవరినడిగినా చెబుతారు, రాత్రంతా తిరిగి ఖాళీగా వచ్చి వలలు కూడా కడుక్కున్నవాణ్ణి మళ్లీ వేయమంటే ఎలా ఉంటుందో. పేతురు తన అనుభవాన్ని దాచలేదు. మాకేమియు దొరకలేదు అని చెప్పాడు. చెప్పాకే, "అయినను నీ మాట చొప్పున వలలు వేతును" అన్నాడు. నువ్వు కూడా దేవుడి దగ్గర నీ భయం అంతా చెప్పుకో. ఇంటి ఈఎంఐ గురించి, నాన్న మందుల గురించి పేరుపేరునా చెప్పు. "ఎంతకాలము నన్ను మరచిపోవుదువు" అని దావీదే అడిగాడు. ప్రశ్న అడగడం అవిశ్వాసం కాదు.

అయితే లోబడితే పేతురు వలల్లా నీ వలలూ నిండుతాయని నీకు మాటివ్వలేను. అలా మాటిచ్చేవాళ్లంటే నాకు కోపం. మన విశాఖకే 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగు చేశారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఆ అచ్చు పుస్తకం ఇద్దరూ కళ్లతో చూడలేదు. తమ వంతు పని చేసి వెళ్లిపోయారు. పేతురు అన్న ఆ మాట తెలుగులో అచ్చయింది వాళ్ల కష్టం వల్లే.

ఇంకొకటి. "ప్రభువు నాతో చెప్పాడు, రేపే రిజైన్ చెయ్" అని ఎవరైనా అంటే తొందరపడకు. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు పౌలు. వాక్యం అబద్ధం రాయొద్దంది గానీ, ఉద్యోగం మానేయమనలేదు. విశ్వాసం ఉందని బుర్రను పక్కన పెట్టనక్కర్లేదు.

కాబట్టి నువ్వు చేసిన పరీక్షలకే సంతకం పెట్టు. మిగతావాటి గురించి పై అధికారికి మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పు. ఎవరినీ నిందించకు. ఆ కాగితం కాపీ ఒకటి నీ దగ్గర ఉంచుకో. ఇవాళే కోడలికి అంతా చెప్పు. ఇంట్లో తెలియకుండా ఇంత బరువు మోయకు. వేరే ఉద్యోగాలకు కూడా అప్లై చేస్తూ ఉండు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ భోజనానికి రండి. ఆ ఉత్తరం కలిసి కూర్చుని రాద్దాం.

మీ పెద్దమ్మ