సాంప్లర్ క్విల్ట్ మీద డిజైన్ దేనితో గీయాలి, ఇంటి మెషిన్ మీద ఎలా కుట్టాలి: నా అనుభవం

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండీ: 12 బ్లాకులు (బట్ట ముక్కలు అతికి చేసిన చదరాలు), ఒక్కోటి 12 అంగుళాలు, ఏ రెండూ ఒకలా లేని సాంప్లర్ టాప్, అంటే క్విల్ట్ పై పొర, కుట్టేశారు, ఇప్పుడు దాని మీద క్విల్టింగ్ డిజైన్, అంటే పొరలన్నీ కలిపి కుట్టే కుట్టు దారి, దేనితో గీయాలి, గీసింది తర్వాత పోతుందా, ఇంట్లో ఉన్న మామూలు మెషిన్ మీద మూడు పొరలూ (పైన టాప్, మధ్యలో దూదిపొరలాంటి బ్యాటింగ్, కింద వెనక బట్ట) కలిపి కుట్టొచ్చా అని. కుట్టొచ్చు. నేను ఇప్పటికి ఐదు అలాగే కుట్టాను, లాంగ్ ఆర్మ్ మెషిన్ (క్విల్టింగ్ కోసమే ఉండే పెద్ద మెషిన్) ఉన్నవాళ్ళకి డబ్బులిచ్చి కుట్టించుకోనక్కర్లేదు. కానీ గీత సంగతి ముందు తేల్చుకోండి, కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, పోని గీతని మాత్రం ఏం చెయ్యలేం.

మేముండేది అమెరికాలో, మిన్నెసోటాలో. మా అబ్బాయి కాలేజీకి వెళ్ళేటప్పుడు వాడికోసం నా మొదటి సాంప్లర్ కుట్టాను, డిజైన్ అంతా వేడికి మాయమయ్యే జెల్ పెన్నుతో గీశాను, సన్నగా, చక్కగా పడింది, ఇస్త్రీ పెట్టె అలా తగలగానే గీత మాయం, ఇంతకంటే సుఖం ఏముంది అనుకున్నా. జనవరిలో వాడిని కాలేజీ ఉన్న డులూత్‌లో దింపడానికి వెళ్ళాం, క్విల్ట్ రాత్రంతా కారు డిక్కీలోనే ఉండిపోయింది, బయట మైనస్ 25. పొద్దున్న తీసి చూస్తే నేను గీసిన ప్రతి గీతా తిరిగొచ్చి ఉంది, తప్పు గీసి వదిలేసినవి కూడా. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. తర్వాత తెలుసుకున్నదేంటంటే ఆ ఇంకు దాదాపు 60 డిగ్రీల దగ్గర రంగు కోల్పోతుంది అంతే, బట్టలోంచి పోదు, మైనస్ 10 కన్నా కిందకి చల్లబడితే మళ్ళీ రంగు రావడం మొదలవుతుంది. హెయిర్ డ్రయ్యర్ పెడితే పోయాయి కానీ నేవీ బ్లూ బ్లాకు మీద మాత్రం తెల్లటి జాడ అలాగే నిలిచిపోయింది. మీ ఊళ్ళో అంత చలి ఉండకపోవచ్చు, అయినా ముదురు రంగు బట్ట మీద ఆ పెన్ను వద్దు అనే చెప్తాను.

అప్పట్నించి నేను వాడేవి మూడు. లేత బట్టకి నీళ్ళకి పోయే నీలం పెన్ను. దీనికి ఒకటే నియమం, గీత ఉండగా ఇస్త్రీ పెట్టకూడదు, వేడికి అది పట్టేసి మరక అయిపోతుంది. ఇంకోటి, పోగొట్టేటప్పుడు పైపైన నీళ్ళు చిలకరిస్తే గీత పోయినట్టే కనిపిస్తుంది కానీ రంగు కింద బ్యాటింగ్‌లోకి దిగి ఆరాక మళ్ళీ పైకొస్తుంది, అందుకని సబ్బు వెయ్యకుండా చల్లటి నీళ్ళ టబ్బులో మొత్తం ముంచెయ్యండి. ఊదా రంగు పెన్నులు కూడా ఉంటాయి, గాలికే పోతాయి, మీది కోస్తా ఊరయితే ఆ ఉక్కకి బ్లాకు సగం కుట్టేలోపే గీత మాయమవుతుంది కాబట్టి అప్పటికప్పుడు కుట్టే చిన్న గీతలకి తప్ప పనికిరావు.

ముదురు బట్టకి సుద్దపొడి. స్టెన్సిల్ పెట్టి దానిమీద పొడి మూట రుద్దడమే. మన దగ్గర మగ్గం వర్క్ వాళ్ళు జాకెట్టు మీద డిజైన్ ఎక్కించడం చూసే ఉంటారు కదా, బటర్ పేపర్ మీద సూదితో వరసగా పొడిచి పైన రంగు రుద్దుతారు, చుక్కలు చుక్కలుగా డిజైన్ కిందకి దిగుతుంది, ఇదీ అదే. స్టెన్సిల్ కొనక్కర్లేదు, మెషిన్‌లో దారం ఎక్కించకుండా ఉత్త సూదితో బటర్ పేపర్ మీద గీత వెంబడి కుట్టుకుంటూ పోతే మీ స్టెన్సిల్ రెడీ. కాకపోతే సుద్ద చెయ్యి తగిలినా రాలిపోతుంది, ఒక బ్లాకు గీసి, అది కుట్టేసి, తర్వాతది గీయండి.

మూడోది హెరా. జపాన్‌లో బట్ట మీద మడత గీత వెయ్యడానికి వాడే చిన్న ప్లాస్టిక్ ముక్క, అంచు మొద్దు కత్తిలా ఉంటుంది, స్కేలు ఆనించి గట్టిగా లాగితే బట్ట మీద నొక్కు పడుతుంది, ఇంకూ లేదు సుద్దా లేదు, చెరపాల్సిన పనే లేదు. అడ్డగీతలకీ గళ్ళకీ నాకు ఇంతకంటే ఇష్టమైంది లేదు. పూల ప్రింటు మీద మాత్రం కనబడదు, దీపం పక్కనించి పడేలా పెట్టుకుంటే కొంచెం నయం. ఏది వాడినా అదే బట్ట మిగులు ముక్క మీద గీసి, ఉతికి, ఇస్త్రీ చేసి చూశాకే టాప్ మీద చెయ్యి పెట్టండి, ఎరుపు మీద పోయింది పసుపు మీద పోతుందని లేదు.

ఇంక అసలు ఎంత గీయాలి? నా మటుకు, ఎంత తక్కువ గీస్తే అంత మంచిది. మా అమ్మమ్మ పాత చీరలు పొరలుగా వేసి బొంత కుట్టేటప్పుడు ఒక్క గీత గీసింది లేదు, ముందు వరసకి వేలు వెడల్పు వదిలి పక్క వరస కుట్టుకుంటూ పోయేది, ముందు వేసిన కుట్టే తర్వాతి కుట్టుకి దారి. సాంప్లర్‌లో అతుకులే మీకు ఆ దారి. లాగ్ క్యాబిన్ బ్లాకుంటే (నడిమి చదరం చుట్టూ పట్టీలు అతికింది) దాని పట్టీల అతుకుల పక్కన పావు అంగుళం వదిలి తిన్నగా కుట్టండి, గీతే అక్కర్లేదు. నైన్ ప్యాచ్‌లో, అంటే తొమ్మిది గడుల బ్లాకులో, ప్రతి గడిలో ఈ మూల నుంచి ఆ మూలకి చిన్న విల్లులాగా వంపు తిప్పుకుంటూ వెళ్తే దారం తెంపకుండా బ్లాకంతా పూర్తవుతుంది, మూలలే మీ చుక్కలు. గుండ్రంగా పువ్వులా రేకులు అతికిన డ్రెస్డెన్ ప్లేట్‌కి రేకుల అంచు చుట్టూ ఒక కుట్టు, దానికి అర అంగుళం అవతల ఇంకోటి చాలు. నక్షత్రం ఉండే ఒహాయో స్టార్ బ్లాకులో ఆ నక్షత్రం లోపల ఏం కుట్టకుండా వెనక జాగా మాత్రం మెలికలతో నింపి చూడండి, ఎక్కడ కుట్టు చిక్కగా ఉంటే అక్కడ బట్ట అణుగుతుంది, లేనిచోట పొంగుతుంది, నక్షత్రం లేచి కనిపిస్తుంది. నిజంగా గీయాల్సింది పూలు, ఈకల్లాంటి వాటికే, అవి రెండు మూడు బ్లాకుల్లో పెట్టుకుంటే సరిపోతుంది.

ప్రతి బ్లాకుకీ వేరే డిజైనా ఒకటేనా అంటే, వేరేవి పెట్టుకోండి, సాంప్లర్ అందమే అది. కానీ చిక్కదనం మాత్రం క్విల్ట్ అంతా ఇంచుమించు ఒకలాగే ఉండాలి. ఒక బ్లాకులో గీతలు పావు అంగుళం దూరంలో, పక్క బ్లాకులో మూడంగుళాల దూరంలో ఉంటే చిక్కగా కుట్టింది కుంచించుకుపోయి పక్కది ఉబ్బుతుంది, అంచులు అలల్లా లేస్తాయి, దాన్ని ఏ ఇస్త్రీ సరిచెయ్యదు. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎంత దాకా వదలొచ్చో బ్యాటింగ్ ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, కొన్నిటికి 4 అంగుళాలే, కొన్నిటికి 10 దాకా ఇస్తారు, డిజైన్ ఆలోచించే ముందే అది చదవండి.

కుట్టడానికి వస్తే, వెనక బట్ట నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉంచి, నేల మీద బిగువుగా టేపు వేసి అంటించి, పైన బ్యాటింగ్, దాని పైన టాప్ పరిచి, బెత్తెడు దూరంలో ఒక పిన్నీసు పెట్టండి. ఎన్ని పిన్నీసులా అని బద్ధకించొద్దు, వెనకాల ముడతలు పడేది ఇక్కడ తగ్గించినందుకే. పెన్నుతో ఎక్కువ గీతలు గీయాల్సిన బ్లాకులుంటే మూడు పొరలూ కలపకముందే గీసుకోండి, గట్టి బల్ల మీద గీసినంత తిన్నగా మెత్తటి దాని మీద రాదు.

మెషిన్‌కి 90/14 సూది, పైనా కిందా ఒకటే 50 నంబరు కాటన్ దారం, కుట్టు పొడవు 3 పెట్టుకోండి. ముందు వాకింగ్ ఫుట్ (పై పొరని కూడా కింది పొరతో సమానంగా లాగే ఫుట్) వేసుకుని బ్లాకుల మధ్య పట్టీల అతుకులన్నీ నడిమి నుంచి అంచులకి కుట్టేయండి, అప్పుడు 12 బ్లాకులూ 12 కిటికీల్లా బిగిసిపోతాయి, ఆ తర్వాత ఏ బ్లాకు ముందు కుట్టినా కదలదు. తిన్నటి గీతలన్నీ అదే ఫుట్‌తో అయిపోతాయి. వంపులకి డార్నింగ్ ఫుట్ (బట్టని ఎటు కావాలంటే అటు జరపనిచ్చే ఫుట్) వేసి, కింద బట్టని లాగే పళ్ళు దించేయాలి, ఇంక బట్టని నడిపేది మీ చేతులే. ఇక్కడే అందరూ భయపడతారు. ముగ్గు వెయ్యడం వచ్చా మీకు? మెలికల ముగ్గు చెయ్యి ఎత్తకుండా చుక్కల చుట్టూ తిప్పుతాం కదా, అదే చెయ్యి ఇది. నేను వారం రోజులు కాగితం మీద పెన్సిల్ ఎత్తకుండా అవే మెలికలు గీశాను, తర్వాత జానెడు బట్టముక్కల మధ్య బ్యాటింగ్ పెట్టి వాటి మీద కుట్టాను, క్విల్ట్ దగ్గరికి వచ్చేసరికి చేతికి దారి తెలిసిపోయింది.

వంపుల దగ్గర వెనకవైపు దారం కనురెప్ప వెంట్రుకల్లా లేస్తుంటే టెన్షన్ తప్పని వెంటనే మరలు తిప్పకండి, చాలాసార్లు మెషిన్ మెల్లగా తిరుగుతుంటే చెయ్యి వంపులో గబుక్కున జారడం వల్ల అది వస్తుంది. పెడల్ ఒకే వేగంలో ఉంచి చెయ్యి నెమ్మది చేస్తే పోతుంది. క్విల్ట్ బరువు బల్ల అంచు నుంచి కిందకి వేలాడకూడదు, అది లాగిందంటే కుట్లు ఒకటి పొట్టి ఒకటి పొడుగు అవుతాయి, ఎడమ పక్కన ఇస్త్రీ బల్ల తెచ్చి వేసుకోండి. వేళ్ళ దగ్గర రబ్బరు ఉన్న తోట పని గ్లౌజులు వేసుకుంటే బట్ట మీద పట్టు బాగా దొరుకుతుంది, నాకు మణికట్టు నొప్పి దాంతోనే తగ్గింది. అరగంటకోసారి లేవండి.

అంతా అయ్యి అంచు పట్టీ కూడా కుట్టాక, నీలం పెన్ను వాడి ఉంటే ముందు ఆ చల్లనీళ్ళ టబ్బు, గీతలు పూర్తిగా పోయాయని వెలుతురులో చూసుకున్నాకే సబ్బుతో ఉతకడం. ఆరేటప్పుడు తీగ మీద వెయ్యకండి, తడి బరువుకి సాగిపోతుంది, దుప్పటి పరిచి దానిమీద పరవండి. మీ బ్లాకుల్లో ముదురువి ఏ రంగులో చెప్తే వాటికి ఏ సుద్ద కనబడుతుందో నా దగ్గరున్న ముక్కల మీద గీసి చూసి చెప్తాను.