ఆజ్టెక్ కథలో అలెబ్రిహే బదులు కుక్కను పెట్టండి

మీ కథలో పాప వందల ఏళ్ల కిందట మెక్సికోను ఏలిన ఆజ్టెక్‌ల కాలానికి వెళ్తుంది, అక్కడ రంగురంగుల అలెబ్రిహే (రకరకాల జంతువుల భాగాలు కలిసిన మెక్సికో వింత జీవి) తోడొస్తుంది, సరిపోతుందా అని అడిగారు. చిక్కంతా అక్కడే ఉందండీ. అలెబ్రిహేలు పాత పురాణాల్లోవి కావు. 1936లో మెక్సికో సిటీలో కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసే పెద్రో లినారెస్‌కు, జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు కలలో కనిపించాయని చెప్తారు: రెక్కల గాడిద, ఎద్దు కొమ్ముల కోడిపుంజు, అలాంటివి.

బదులుగా ‘షోలో’ అనే మెక్సికో జాతి కుక్కను పెట్టి చూడండి. చాలావాటికి ఒంటిమీద బొచ్చుండదు, ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. చనిపోయినవాళ్లను నది దాటించి మిక్త్లాన్ అనే పాతాళానికి చేర్చేది కుక్కేనని ఆజ్టెక్‌ల నమ్మకం. పాప దాని మెడ పట్టుకుని చీకటి నీళ్లలోకి దిగే సీను ఒక్కటి రాయండి, రెక్కలు గుర్తే రావు. అలెబ్రిహేనే కావాలంటే మాత్రం కథను 1936 తర్వాతకి జరపాల్సిందే.