గుంటూరు నుంచి నాగార్జునకొండ: అమ్మతో ఒక్కరోజులో వెళ్లి రావచ్చా?

మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని గుంటూరు నుంచి సాగర్‌లో లాంచీ ఎక్కించి, హడావుడి లేకుండా రాత్రికల్లా ఇంటికి రావాలన్నారు కదా. వచ్చేయొచ్చండి, టెన్షన్ పడకండి.

ముందు శుక్రవారం వద్దు, సాగర్ నీళ్ల మధ్య దీవిలా ఉన్న నాగార్జునకొండ మీద మ్యూజియం ఆ రోజు మూసేస్తారు. మామూలు రోజుల్లో జనం నిండితే గానీ లాంచీ కదలదు, అందుకని నేనైతే ఆదివారమే చెప్తాను. తెల్లవారుజామునే బయల్దేరి నరసరావుపేట, మాచర్ల మీదుగా నేరుగా విజయపురి సౌత్‌లో లాంచీ స్టేషన్‌కి వెళ్లిపోండి, డ్యామ్ తర్వాత చూసుకోవచ్చు. గాలి ఎక్కువుంటే లాంచీలు ఆపేస్తారు, బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

లాంచీ ప్రయాణం దాదాపు గంట. అమ్మగారిని నీడపట్టున కూర్చోబెట్టండి, మధ్యాహ్నానికి రేకు కాలిపోతుంది. పిల్లలకి మాత్రం ఒక మాట తప్పకుండా చెప్పండి, వాళ్ల కింద ఉన్న నీళ్లలో ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగి ఉందని, డ్యామ్ పూర్తికాకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన శిల్పాలనే కొండమీద దాచారని. అది తెలిసి చూస్తే ఆ సున్నపురాయి పలకల మీద చెక్కిన బుద్ధుడి కథలు పిల్లల్ని కదలనివ్వవు.

రేవు నుంచి మ్యూజియానికి కాస్త నడక ఉంటుంది, చేతికర్ర, మంచినీళ్లు, పులిహోర పొట్లాలు మర్చిపోవద్దు. దిగగానే తిరుగు లాంచీ టైం అడిగి పెట్టుకోండి. ఒడ్డుకొచ్చాక ఓపికుంటే తవ్వకాల్లో దొరికిన కట్టడాలను మళ్లీ నిలబెట్టిన అనుపు, లేకపోతే ఎత్తిపోతల జలపాతం చూసుకుని ఇంటికి.